స్వామివారిని చెత్తలో వెయ్యలేని ఆఫీసు

మీరు ఫోనులో మిక్సీ అని కొట్టగానే ఒక మిక్సీ బొమ్మ, దాని కింద దాన్ని అమ్మే దుకాణాలన్నీ వరసగా వచ్చేస్తాయి. ఎవరి దగ్గర చవకో చూసుకుని వేలితో నొక్కేస్తారు. ఆ వరస దానంతట అదే ఏర్పడిందని మీరనుకుంటారు. ఇప్పుడు యంత్రాలే ఆ పని చేస్తున్నాయంటున్నారు, సంతోషం. మా కాలంలో మాత్రం మనుషులు కూర్చుని, కళ్ళు ఎర్రబడేదాకా చూసి, ఆ వరస పెట్టేవాళ్ళు. ఆ మనుషుల్లో నేనొకదాన్ని. అదీ బెంగుళూరులోనో హైదరాబాదులోనో కాదు, తిరుపతిలో, బస్టాండు నుంచి నడిచి పోయేంత దూరంలో, ఒక టిఫిన్ హోటలు పైన మేడమీద.

నాకు ఆ ఉద్యోగం వచ్చిన కథ చిన్నది. అంతకుముందు చిత్తూరులో ఒక సహకార స్టోరులో సరుకులు చూసుకునేదాన్ని. స్టోరు మూతపడింది. నలభై దాటిన ఆడదానికి మళ్ళీ ఉద్యోగం ఎవరిస్తారని ఇంట్లో అందరూ నా తరఫున కాసేపు దిగులుపడి, ఆ పని అయిపోగానే ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. నేను పేపర్లో ప్రకటన చూసి తిరుపతి బస్సెక్కాను. ఇంటర్వ్యూ చేసిన కుర్రాడు నాకంటే బాగా చిన్న. “కంప్యూటర్ వచ్చా మేడమ్?” అని అడిగాడు. “సరుకులు వచ్చు” అన్నాను. నవ్వి తీసుకున్నాడు. కొన్నాళ్ళకు మా గదికి నన్నే పెద్దదాన్ని చేశారు. కాగితం మీద టీమ్ లీడర్ని, గదిలో అందరికీ అక్కను. నాకు కోపం ఎక్కువని వెనక అనుకునేవాళ్ళు. అది నిజమే, రిటైరైనా తగ్గలేదు.

పని ఏమిటంటే, తెర మీద ఎడమ పక్క ఎవరో వ్యాపారి అమ్మకానికి పెట్టిన సరుకు కనపడుతుంది. కుడి పక్క మాకు జీతమిచ్చే బెంగుళూరు ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ వాళ్ళ కేటలాగులో ఉండే సరుకు కనపడుతుంది. రెండూ ఒకటే అయితే ‘కలుపు’. కాకపోతే ‘విడదియ్యి’. బొమ్మ మసగ్గా ఉన్నా, రాసిన వివరాలకు తలాతోకా లేకపోయినా ‘చెత్త’. బటన్ల మీద ఇంగ్లీషులో రాసుండేది గానీ మేము ఇట్లాగే పిలుచుకునేవాళ్ళం. విడిగా ఒకటి అమ్మేది, జతగా అమ్మేది వేరు వేరు సరుకులు. నల్లది, తెల్లది వేరు. మూత ఉండేది, లేనిది వేరు. ఇంతే విద్య. కానీ వ్యాపారులు ఊరికే ఉంటారా? ఒకాయన ప్రెషర్ కుక్కరు అమ్ముతూ బొమ్మ దగ్గర తన పెళ్ళి ఫోటో పెట్టాడు. ఇంకొకాయన చీర రంగు ఏమిటని అడిగిన గడిలో ‘చాలా బాగుంటుంది’ అని రాశాడు. వీటన్నిటినీ మేము ఓపికగా చెత్తలోకి తోసేవాళ్ళం. చెత్త బటన్ నొక్కడంలో ఒక సుఖం ఉండేది, దాచడమెందుకు.

మా గదిలో ముగ్గురి గురించి మీకు చెప్పాలి.

ఒకతను పెద్దాయన. మా అందరికంటే, నాకంటే కూడా పెద్ద. ఒకప్పుడు తిరుమలలో చిన్న బొమ్మల దుకాణం నడిపి, అది పోయాక కొండ దిగొచ్చిన మనిషి. నుదుట నామం లేకుండా ఆయన్ని చూసిన వాళ్ళు లేరు. గదిలో దైవానికి సంబంధించి ఏ సందేహం వచ్చినా ఆయనదే తీర్పు. రెండో అతన్ని అందరం భాయ్ అనేవాళ్ళం. వాళ్ళ నాయన ఘాట్ రోడ్డులో బస్సు నడిపి రిటైరైనాడు. భాయ్ మాటకారి, పనిలో చురుకు. మూడో మనిషి కార్వేటినగరం పక్కనుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. డిగ్రీ అయిపోయి మాలో చేరింది. వాళ్ళ ఇంట్లో ఉద్యోగానికి గడప దాటిన మొదటి ఆడపిల్ల అదే.

ఆ పిల్ల చేరిన రోజు వాళ్ళ నాయన వెంట వచ్చాడు. మామిడి తోట ఉన్న రైతు. భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ గదంతా కలియజూసి, మంచినీళ్ళు ఎక్కడున్నాయో, ఆడవాళ్ళ బాత్రూముకు గడియ పడుతుందో లేదో స్వయంగా చూసొచ్చి, నా ఎదురుగా కూర్చున్నాడు.

“మా బిడ్డ ఈడ ఏం పని చేయాల తల్లీ?”

“ఇదీ అదీ ఒకటేనా కాదా అని చూసి చెప్పాల నాయనా.”

ఆయన చాలాసేపు నన్నే చూశాడు. “అంతేనా?”

“అంతే.”

“దానికి జీతం ఇస్తారా?”

“ఇస్తారు.”

“ఎవురిస్తారు?”

“బెంగుళూరోళ్ళు.”

ఆయన బిడ్డ వైపు తిరిగి, “బాగా సూసి చెప్పమ్మా, పాపం వాళ్ళకు తెలిసినట్టు లేదు” అన్నాడు. పోతూ పోతూ తలుపు దగ్గర ఆగి నాతో ఇంకో మాట అన్నాడు. “తిరపతి కాబట్టి పంపిస్తా ఉండాను. పొద్దున పోయి చీకటి పడేలోపల ఇంటికొచ్చేస్తాది. మదరాసు, బెంగుళూరు అంటే మాత్రం కుదరదు తల్లీ, ముందే చెప్తా ఉండాను.”

ఆ మాట నాకు తర్వాత చాలా సార్లు గుర్తొచ్చింది. ఎందుకంటే ఆ సంవత్సరమే బెంగుళూరు నుంచి కబురొచ్చింది. మా పని తనిఖీ చేస్తారట. తప్పులు ఎక్కువుంటే తిరుపతి ఆఫీసు మూసేసి, పనంతా చెన్నై ఆఫీసుకు మార్చేస్తారట. కావలసిన వాళ్ళు చెన్నై వెళ్ళి చేరొచ్చట. ‘కావలసిన వాళ్ళు’ అనడం ఎంత సులువో చూడండి. ఆ పిల్లను వాళ్ళ నాయన పంపడు. పెద్దాయన కొండ కనపడని చోట నిద్రపోలేడు. నాకు మూడో ఉద్యోగం ఇచ్చే కుర్రాడు ఇంకా పుట్టలేదు. అందుకని ఆ సంవత్సరం మేమంతా ప్రాణం పెట్టి పనిచేశాం. సరిగ్గా అప్పుడే పూజా సామాను వచ్చిపడింది.

అప్పటిదాకా మాకు వచ్చేవి మిక్సీలు, కెమెరాలు, చెప్పులు. కంపెనీ వాళ్ళు పూజా సామాను కూడా అమ్మాలనుకున్నారు. కుందులు, గంటలు, అగరబత్తి స్టాండ్లు కుదురుగానే జరిగిపోయాయి. ఒకరోజు ఆ పిల్ల చెయ్యెత్తి, “అక్కా, ఒకసారి ఇట్లా రా” అంది.

పోయి చూశాను. ఎవరో వ్యాపారి వేంకటేశ్వర స్వామి విగ్రహం అమ్మకానికి పెట్టాడు. ఫోటో బాగా మసగ్గా ఉంది. కిరీటం తెలుస్తోంది, నామం తెలుస్తోంది, మిగతాదంతా పొగ.

“బొమ్మ మసగ్గా ఉంటే ఏం చేయాల?” అన్నాను.

“చెత్త నొక్కాల.”

“నొక్కు మరి.”

“నా వల్ల కాదక్కా.”

నాకు కోపం వచ్చింది. రోజుకు ఇన్ని చూడాలని లెక్క ఉన్నప్పుడు ఒక్కదాని దగ్గర ఇంతసేపా? “జరుగు” అని దాన్ని లేపి నేనే కూర్చుని మౌస్ పట్టుకున్నాను. బాణం గుర్తును చెత్త బటన్ మీదికి తీసుకుపోయాను. పైన స్వామి. కింద చెత్త. మధ్యలో నా వేలు. ఎంత మసగ్గా ఉన్నా ఆయన నన్నే చూస్తున్నట్టుంది. వేలు కదల్లేదు. పిల్ల నా మొహంలోకి చూస్తోంది. నేను మౌస్ వదిలేసి, దగ్గి, గొప్ప ఉపాయం తట్టినదానిలా భాయ్‌ని పిలిచాను.

“భాయ్, ఇది కాస్త నొక్కు.”

భాయ్ వచ్చాడు, చూశాడు, రెండడుగులు వెనక్కి వేశాడు. “ఏందక్కా, అందరూ తప్పించుకోని నా మీదికి తోస్తా ఉండారే? నేను పుట్టింది ఈడ, పెరిగింది ఈడ. మా నాయన ముప్పొద్దులా ఆ కొండ మలుపుల్లో బస్సు తిప్పినాడు, ఒక్కపొద్దన్నా బండికి గీత పడలా. ఎవురి దయ అనుకుంటివి? ఆయన్ని చెత్త అనేదానికి నాకేమన్నా పిచ్చా?”

ఇక మిగిలింది పెద్దాయన తీర్పు. ఆయన కుర్చీలోంచి లేచి, చేతులు కట్టుకుని, తెరకు నమస్కారం పెట్టి, “కలిపేయండి” అన్నాడు.

“దేంతో కలిపేది పెద్దాయనా?”

“స్వామితోనే.”

మా కేటలాగులో అప్పటికి స్వామివారి పేరుతో ఉన్నది ఒకే ఒక్క సరుకు, జానెడు ఎత్తు ఇత్తడి విగ్రహం. ఈ మసక స్వామిని దానితో కలిపేశాం. అందరికీ ప్రాణం కుదుటపడింది. ఆ తర్వాత వచ్చింది కారులో పెట్టుకునే బొటనవేలంత స్వామి. దాన్ని ‘విడదియ్యి’ అని నేనన్నాను. పెద్దాయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. “ఇది ఆ స్వామి కాదు అని నొక్కేదానికి నువ్వెవురు, నేనెవురు తల్లీ? చిన్నగుంటే మాత్రం స్వామి కాకుండా పోతాడా?”

నేను వాదించాలనుకున్నాను. కానీ గదిలో అందరి మొహాల్లో అప్పుడే ఒక నిశ్చింత కనపడింది. పైగా కలిపేస్తే పని తొందరగా అవుతుంది. సరే పొమ్మన్నాను. ఆ రోజు నుంచి మా ఆఫీసులో ఒక ఆచారం పుట్టింది. స్వామి కనపడితే కలపడమే. కీచైనులో స్వామి, క్యాలెండరులో స్వామి, మనిషంత ఎత్తు ఫైబరు స్వామి, గోడ గడియారంలో స్వామి, రాత్రి వెలిగే బల్బు లోపల స్వామి, అందరూ వచ్చి ఆ జానెడు ఇత్తడి విగ్రహం కింద చేరారు.

కొన్నాళ్ళకు బెంగుళూరు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. పూజ గదికి విగ్రహం కావాలని నొక్కినామెకు కీచైను పోయిందట. కారులోకి చిన్న స్వామి కావాలన్నాయనకు గోడ గడియారం పోయిందట. అది గంటగంటకూ గోవిందా అని అరిచేది, ఇంట్లో పసిబిడ్డ నిద్రపోవడం లేదని ఆయన మొర. కంపెనీ వాళ్ళకు అర్థం కానిది ఇంకొకటుంది. ఫిర్యాదులు ఇన్ని వస్తున్నాయి కానీ ఒక్కరు కూడా సరుకు వెనక్కి పంపడం లేదు. పంపితే డబ్బు తిరిగిస్తామన్నా పంపరు. ఇంటికొచ్చిన స్వామిని ఎవరు పంపుతారు చెప్పండి? ఇది మాకు అర్థమైంది గానీ ఫోనులో ఇంగ్లీషులో వివరించడం మా వల్ల కాలేదు.

చివరికి తనిఖీకి ఒక ఆఫీసరు వస్తున్నాడన్నారు. గోదావరి జిల్లా మనిషి, బెంగుళూరులో స్థిరపడ్డాడు, చాలా కఠినుడు, చెన్నైలో గదికి గదినే ఏడిపించి వచ్చాడని ముందే వార్త అందింది. ఆ పిల్ల రెండు రోజులుగా డబ్బా తెరిచి అన్నం కెలికి మూసేస్తోంది. “ఆఫీసు ఎత్తేస్తే మా నాయన నన్ను మళ్ళ బస్సెక్కనీడక్కా” అంది. నేను ధైర్యం చెప్పాల్సిన మనిషిని. “ఏడవబాక, కండ్లు మసకలైతే పనిలో తప్పులు పోతాయి” అని కసిరాను. నాకు వచ్చిన ధైర్యం చెప్పడం అదే.

ఆ రోజు పొద్దున మేమంతా ఇస్త్రీ బట్టల్లో నిలబడి ఉన్నాం. లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి ఒక గుండు వచ్చింది. కొత్త గుండు, దాని నిండా చందనం. ఎటూ తిరుపతి దాకా వస్తున్నాను కదా అని ఆఫీసరుగారు ముందు కొండకు పోయి, తలనీలాలు ఇచ్చి, దర్శనం చేసుకుని, నేరుగా మా దగ్గరికి వచ్చాడు. చేతి సంచీలోంచి లడ్డు తీసి, అందరికీ తలా కాస్త పెట్టాడు. మేము కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాం. మింగేలోపలే మొదలుపెట్టాడు.

“ఏమండీ, అసలు మీరు కళ్ళు తెరుచుకునే పనిచేస్తున్నారా?”

నోట్లో ప్రసాదం పెట్టి తిట్టిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. నోరు తెరిచి జవాబు చెప్పడానికి వీల్లేదు, ప్రసాదం ఉంది.

ఆయన ప్రొజెక్టరు పెట్టించి, మా ఇత్తడి విగ్రహం పేజీని గోడ మీద వేశాడు. గోడంత స్వామి. వెంటనే పెద్దాయన లేచి పోయి తలుపు బయట చెప్పులు వదిలి వచ్చాడు. ఆయన వెనక మేమందరం పోయి వదిలాం. ఆఫీసరు నోరు తెరుచుకుని చూశాడు. చూసి, ఆయన కూడా బూట్లు విప్పి బయట పెట్టి వచ్చి, మేజోళ్ళతో నిలబడి, మళ్ళీ తిట్టడం అందుకున్నాడు.

“ఇదిగో కీచైను. ఇదిగో గడియారం. ఇదిగో బల్బు. ఇవన్నీ ఒకటేనా? చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడండీ. ఎవరి ఆలోచన ఇది?”

పెద్దాయన ముందుకు వచ్చాడు. “నాదే సామీ. రూపం ఎన్నైనా స్వామి ఒక్కడే కదా. వేరు అని చెప్పేదానికి నోరు రాలా.”

ఆఫీసరు కాస్త తగ్గాడు. గుండు తడుముకుంటూ, “భక్తి సరేనండీ, కాదనను. కానీ మీరు కొండ మీద బొమ్మల దుకాణం నడిపారట కదా? అక్కడ పెద్ద విగ్రహాన్నీ చిన్న విగ్రహాన్నీ ఒకే ధరకు అమ్మారా?” అని అడిగాడు. అడిగి, గెలిచినవాడిలా మా అందరి వైపు చూశాడు.

“ఒకే ధరకే అమ్మినాను సామీ” అన్నాడు పెద్దాయన. “అందుకే కదా దుకాణం పోయింది.”

భాయ్ కిటికీ వైపు తిరిగిపోయాడు. వాడి భుజాలు అదురుతున్నాయి. మిగతావాళ్ళు తలలు దించుకున్నారు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. గోడ మీద స్వామిని చూస్తూ నిలబడింది, కళ్ళనిండా నీళ్ళు. దాన్ని చూసేసరికి నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియదు, పెద్దాయన మీదికి మళ్ళింది.

“ఏమప్పా, నిన్నొకటి అడుగుతాను. బ్రహ్మోత్సవాల్లో వాహనం మీద మాడవీధుల్లోకి వచ్చేది ఎవురు?”

“ఎవురేంది తల్లీ, మలయప్ప స్వామి.”

“గర్భగుడిలో నిలబడుకోని ఉండే మూలవిరాట్టును ఎందుకు తీసుకరారు?”

“అపచారం! ఆయన్ని కదిలిస్తారా?”

“రాత్రి పవళింపు సేవకు?”

“భోగ శ్రీనివాసుడు.”

“పొద్దున కొలువుకు?”

“కొలువు శ్రీనివాసుడు.”

“స్వామి ఒకడే కదప్పా. మలయప్ప స్వామి సేవకు టిక్కెట్టు కొన్నోడిని తీసకపోయి కొలువు శ్రీనివాసుడి ముందర కూర్చోబెట్టి, అందరూ ఒకటే పోరా అంటారా ఆడ? ఎవురి సేవ వాళ్ళకు ఉండాది, ఎవురి చోటు వాళ్ళకు ఉండాది. అంత పెద్ద గుళ్ళోనే ఏ విగ్రహానికి ఆ విగ్రహం వేరే పెట్టుకోని ఉండారు. నువ్వు మాత్రం గడియారాన్నీ బల్బునూ తెచ్చి ఒక్కచోట కలేస్తివి. మన కేటలాగులో ఉండేది స్వామి కాదు నాయనా, విగ్రహాలు.”

నేను అంత పెద్ద ఉపన్యాసం ఇస్తానని నాకే తెలియదు. పెద్దాయన రెండు చేతులతో చెంపలు వేసుకున్నాడు. “ఈ మాట నువ్వు ముందే చెప్పి ఉంటే నా దుకాణం నిలబడేది కదా తల్లీ” అన్నాడు.

ఆఫీసరు నా వైపు కొత్తగా చూశాడు. “బాగా చెప్పారు మేడమ్. ఇకమీదట ఇలాగే చేయండి. కానీ ఇప్పటిదాకా జరిగినవాటికి నేను గుర్తులు పెట్టాలి. దాన్నిబట్టే ఈ ఆఫీసు ఉంటుందా పోతుందా అన్నది. నా చేతిలో ఏమీ లేదు, తప్పుగా అనుకోకండి.”

ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తనిఖీ పద్ధతి ఇది. మేము కలిపిన సరుకులు ఒక్కొక్కటే వస్తాయి. సరిగ్గా ఉంటే టిక్కు నొక్కాలి, తప్పయితే ఇంటూ నొక్కాలి. రెండిట్లో ఏదో ఒకటి నొక్కితే గానీ తర్వాతిది రాదు. మిక్సీలు, చెప్పులు గబగబా అయిపోయాయి. వాటిలో మాకు అన్నీ టిక్కులే, కావాలంటే ఇప్పుడైనా చూసుకోండి. తర్వాత స్వామి వచ్చాడు, కీచైనులోంచి.

ఆఫీసరు ఇంటూ నొక్కాడు. మా కంపెనీ వాళ్ళు తనిఖీ తెరను ఎట్లా తయారుచేశారంటే, ఇంటూ నొక్కగానే ఎర్రటి పెద్ద గీతలు రెండు వచ్చి బొమ్మ మీద అడ్డంగా పడతాయి. పడ్డాయి. అదీ గోడ మీద, గోడంత స్వామి మొహం మీద, ఈ చెంప నుంచి ఆ చెంప దాకా.

పెద్దాయన “గోవిందా” అన్నాడు. ఆఫీసరు ఉలిక్కిపడి వెనక్కి కొట్టే బటన్ కోసం వెతికాడు. కంగారులో దొరకలేదు. చందనం మధ్యలోంచి చెమట కారింది. “తియ్యండి, తియ్యండి, ఎలా తియ్యాలి దీన్ని?” అని అరిచాడు. భాయ్ పోయి ఏదో నొక్కి గీతలు తీసేశాడు. స్వామి మళ్ళీ చల్లగా కనపడ్డాడు. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం.

ఆఫీసరు చెమట తుడుచుకుని, “భాయ్, మీరు నొక్కుతారా? నేను చెప్తుంటాను” అన్నాడు.

భాయ్ అప్పటికే తలుపు దగ్గర ఉన్నాడు. “టీ చెప్పొస్తాను సార్” అని కిందికి పోయాడు. హోటలు కిందే, కానీ టీ చాలా ఆలస్యంగా వచ్చింది.

“మేడమ్, మీరు?”

“మా పని మేము చేసినాము సార్. తనిఖీ మీది” అన్నాను.

ఆయన ఆ పిల్ల వైపు చూడబోయి, దాని మొహం చూసి మానుకున్నాడు. మౌస్ మీద చెయ్యి పెట్టాడు. తీశాడు. చందనం గుండును ఒకసారి తడుముకున్నాడు. గోడ మీద స్వామి ఆయన్నే చూస్తున్నాడు. దర్శనంలో క్షణం కూడా నిలబడనివ్వకుండా తోసేశారని పొద్దున బాధపడ్డాడు పాపం, ఇక్కడ మాత్రం ఎంతసేపు కావాలంటే అంతసేపు దొరికింది. చివరికి బాణం గుర్తు మెల్లగా టిక్కు వైపు నడిచింది. నొక్కాడు. తర్వాత గడియారం వచ్చింది. టిక్కు. బల్బు వచ్చింది. టిక్కు. స్వామి పక్కన టిక్కు పెట్టడానికి ఎవరికి చెయ్యి రాదు? అన్నీ అయిపోయేదాకా ఆయన మా ఎవరి మొహమూ చూడలేదు. లేచి బూట్లు వేసుకుంటూ, “స్వామివారికి ఈ చెత్త బటన్ కాకుండా వేరే బటన్ పెట్టించాలండీ. మీ ఇళ్ళలో పాతబడిన దేవుడి పటాలు ఏం చేస్తారు? చెత్తలో వెయ్యరు కదా?” అని అడిగాడు.

“నీళ్ళల్లో కలుపుతాం సార్, నిమజ్జనం” అంది ఆ పిల్ల. ఆ రోజు అది నోరు తెరిచింది అప్పుడే.

కొన్ని వారాలకు మా తెర మీద నాలుగో బటన్ వచ్చింది, నిమజ్జనం అని ఇంగ్లీషు అక్షరాల్లో. అదేమిటని ఆ బటన్లు తయారుచేసే విదేశీ ఇంజనీర్లు అడిగితే, మర్యాదగా సాగనంపడం అని ఆఫీసరు జవాబు రాశాడట. మేము స్వాములందరినీ విడదీసి, ఎవరి చోట వాళ్ళను పెట్టాం. పెద్దాయనే దగ్గరుండి కొలతలతో సహా విడదీశాడు. మసక స్వాములను చేతులు జోడించి నిమజ్జనం చేశాం. గడియారం కావాలన్నవాళ్ళకు గడియారమే పోయింది.

తనిఖీ రిపోర్టు కూడా వచ్చింది. మిక్సీల్లో టిక్కులే, స్వామి దగ్గర టిక్కులే. అన్ని ఊళ్ళ ఆఫీసుల్లోకీ ఒక్క తప్పు కూడా లేనిది తిరుపతి ఆఫీసేనని రాసుంది. కాగితం చదవగానే ఆ పిల్ల కుర్చీలో కూలబడి గట్టిగా ఏడ్చింది. నేను ఈసారి కసరలేదు. నాకూ కళ్ళు మసకలయ్యాయి.

ఆ రిపోర్టు చూసి బెంగుళూరు వాళ్ళు ఊరుకోలేదు. ఇంత శుద్ధంగా ఎట్లా పనిచేస్తారో నేర్చుకుని రమ్మని చెన్నై ఆఫీసు నుంచి ముగ్గురిని పంపించారు. పాపం మంచి పిల్లలు, పెన్నులు తెరిచి పట్టుకుని మా ముందు కూర్చున్నారు. “మీ పద్ధతి ఏమిటి మేడమ్?” అని నన్ను అడిగారు. నేను పెద్దాయన వైపు చూశాను. ఆయన భాయ్ వైపు చూశాడు. భాయ్ కిందికి, టీ చెప్పడానికి పోయాడు.

కార్వేటినగరం పిల్ల తన కుర్చీ వాళ్ళ దగ్గరికి జరుపుకుంది. నిండా అనుభవం ఉన్నదానిలా మొహం పెట్టి, కొంచెం కూడా నవ్వకుండా చెప్పింది.

“ముందు కొండకు పోయి దర్శనం చేసుకోని రాండి. మిగతాది మళ్ళ నేర్పిస్తాం.”